ఎదురుచూపుల లెక్కలోకి రాని పిల్ల

యాభై ఒక్క సంవత్సరాల తొమ్మిది నెలల నాలుగు రోజులు. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ నవల 'లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ కలరా' చదివినవాళ్ళెవరూ ఈ లెక్క మర్చిపోరు. చేజారిన ప్రేమ కోసం ఒక మగవాడు ఎదురుచూసిన కాలం అది. సాహిత్య సభల్లో ప్రేమ నవలల ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు ఈ అంకెని మంత్రంలా పలుకుతారు. 'ప్రేమంటే అదండీ' అంటారు. తలలు ఊగుతాయి. అదే నవలలో ఇంకో అంకె కూడా ఉంది. పద్నాలుగు. అది ఒక ఆడపిల్ల వయసు. ఆ అంకెని ఏ సభలోనూ ఎవరూ పలకగా నేను వినలేదు. ఈ వ్యాసం ఆ రెండో అంకె గురించి.

నవల స్పానిష్‌లో 1985లో వచ్చింది. మార్క్వెజ్‌కి అప్పటికి మూడేళ్ళ క్రితమే, 1982లో, నోబెల్ బహుమతి వచ్చింది. ఎడిత్ గ్రాస్‌మన్ ఇంగ్లీషు అనువాదం 1988లో వెలువడింది. తెలుగు పాఠకుల్లో చాలామందికి ఈ నవల పరిచయమైంది ఆ అనువాదం ద్వారానే. ఆ సంవత్సరమే థామస్ పిన్చన్ న్యూయార్క్ టైమ్స్‌లో దీన్ని ఆకాశానికెత్తుతూ సమీక్ష రాశాడు. 2007లో మైక్ న్యూవెల్ సినిమాగా తీశాడు. నాలుగు దశాబ్దాలుగా ప్రపంచమంతా దీన్ని గొప్ప ప్రేమకథగా కొనుక్కుంటోంది, కానుకగా ఇచ్చుకుంటోంది. కాబట్టి నేను వాదించబోయేది ఒక పుస్తకంతో మాత్రమే కాదు, దాన్ని మనం చదువుకుంటున్న పద్ధతితో కూడా.

చదవనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. కరీబియన్ తీరంలో కార్తహేనాని తలపించే, పేరు చెప్పని ఒక ఊరు. ఫ్లోరెంతీనో అరీసా టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసే పేద కుర్రవాడు. ఒక ఇంటికి టెలిగ్రాం ఇవ్వడానికి వెళ్ళి, మేనత్తకి చదవడం నేర్పుతున్న ఫెర్మీనా దాసాని చూస్తాడు. ఉత్తరాలు నడుస్తాయి. పెళ్ళి మాట కూడా అనుకుంటారు. తండ్రికి తెలుస్తుంది. ఆయన మేనత్తని ఇంట్లోంచి వెళ్ళగొట్టి, కూతుర్ని దూరప్రాంతాలకి తీసుకుపోతాడు. అక్కడా టెలిగ్రాములు అందుతూనే ఉంటాయి. ఆమె తిరిగి వచ్చాక ఒకరోజు బజారులో అతను వెనక నుంచి వచ్చి పలకరిస్తాడు. ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది. ఆ ఒక్క చూపులో తాను ప్రేమించింది ఈ మనిషిని కాదనీ, తన ఊహనేననీ ఆమెకి అర్థమవుతుంది. చేత్తో పక్కకి తప్పుకోమన్నట్టు సైగ చేస్తుంది. అంతే. తర్వాత పారిస్‌లో చదివొచ్చిన డాక్టర్ హువెనాల్ ఉర్బీనోని పెళ్ళి చేసుకుంటుంది. అర్ధశతాబ్దం కాపురం చేస్తుంది. ఎనభై ఒకటో ఏట ఆ డాక్టరు మామిడిచెట్టెక్కిన చిలకని పట్టుకోబోయి నిచ్చెన మీంచి పడి చనిపోతాడు. ఆమె విధవరాలైన తొలి రాత్రే డెబ్భై ఆరేళ్ళ అరీసా ఆమె ఇంటికొచ్చి తన ప్రేమని మళ్ళీ ప్రకటిస్తాడు. ఆమె తిట్టి పంపేస్తుంది. మళ్ళీ ఉత్తరాలు, స్నేహం, చివరికి నది మీద స్టీమరు ప్రయాణం. కలరా ఉన్నట్టు పసుపు జెండా ఎగరేసుకుని, ఏ రేవులోనూ ఆగకుండా ఆ ఇద్దరూ నదిలో పైకీ కిందికీ తిరుగుతూ ఉండిపోవడంతో నవల ముగుస్తుంది.

ముందుగా ఇందులో నాకు ఎంతో విలువైనదిగా కనిపించేది చెప్పాలి. ఫెర్మీనా దాసా పాత్ర. పెళ్ళికి ఒప్పుకుంటూ ఆమె అరీసాకి పెట్టిన షరతు ఒక్కటే, తన చేత వంకాయ తినిపించకూడదని. గుత్తివంకాయ లేనిదే విందు కాదనుకునే మనకి ఇది నవ్వు తెప్పించవచ్చు. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. డాక్టరుగారి ఇంటికి కోడలిగా వెళ్ళాక అత్తగారి బల్ల మీద రోజూ వంకాయే. ఏళ్ళు గడిచాక ఒక విందులో అదేమిటో తెలియకుండానే రుచిగా ఉందని రెండోసారి వడ్డించుకుంటుంది. ఒక స్త్రీ ఇష్టాయిష్టాలు సంసారంలో ఎలా అరిగి అరిగి మారిపోతాయో ఇంతకంటే సూటిగా చెప్పగలరా! స్నానాలగదిలో సబ్బు లేదని ఆయన, ఉందని ఆమె నెలల తరబడి మాటల్లేకుండా చేసిన యుద్ధం చదివితే మన ఇళ్ళన్నీ కళ్ళముందు కదులుతాయి. భర్త పోయాక ఆమె పడే కోపం, ఆయన వస్తువుల్ని తగలబెట్టించడం, ఆ మామిడిచెట్టుని నరికించడం, ఇన్నేళ్ళూ తాను ఎవరి జీవితం జీవించిందో తనకే తెలియని అయోమయం... వైధవ్యాన్ని ఇంత నిజాయితీగా రాసిన మగ రచయితలు తక్కువ. ఆ వయసులో ప్రేమ అసహ్యమని కూతురు అన్నప్పుడు ఆమె కూతుర్నే ఇంట్లోంచి పొమ్మంటుంది. ముడతలు పడ్డ శరీరాలకీ స్పర్శ కావాలని, డెబ్భై దాటిన స్త్రీకీ కోరిక ఉంటుందని చెప్పడం చిన్న విషయం కాదు. 'ఈ వయసులో ఆమెకి ఇదేం పోయేకాలం' అనే సమాజాలన్నిటికీ అది చెంపదెబ్బే.

నా ఆశాభంగం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఇంత సజీవమైన స్త్రీని సృష్టించి, ఆమె కథని ఆమె చేతుల్లో ఉంచకుండా ఒక మగవాడి ఎదురుచూపులకి బహుమతిగా ఇచ్చేశాడు రచయిత.

బజారులో ఆ క్షణం నా దృష్టిలో నవల మొత్తంలో అత్యంత వివేకవంతమైన క్షణం. ఉత్తరాల్లో అల్లుకున్న భ్రమకీ, ఎదురుగా నిలబడిన మనిషికీ మధ్య ఉన్న తేడాని ఒక యువతి తనంతట తాను గుర్తించింది. తండ్రి బలవంతంతో కాదు, డాక్టరుగారి ఆస్తి చూసి కాదు. అప్పటికి ఆ డాక్టరు ఆమె జీవితంలోకి రానేలేదు. అది స్వచ్ఛమైన ఆమె నిర్ణయం. ఆమె 'వద్దు' అంది. నవల ఆ 'వద్దు'ని ఏం చేసింది? దాన్ని విరామంగా మార్చింది. అరీసా దృష్టిలో అది తిరస్కారం కాదు, వాయిదా. ఆ రోజు నుంచి అతను లెక్కపెట్టడం మొదలుపెడతాడు, నవల కూడా అతనితో కలిసి లెక్కపెడుతుంది. ఆమె కాపురం, ఆమె పిల్లలు, ఆమె దుఃఖం, అన్నీ అతని గడియారంలో గడవాల్సిన సమయంగా మిగులుతాయి. ఆమె భర్త చావు అతనికి తలుపు తెరుచుకోవడం. చావింట్లో ఒంటరిగా మిగిలిన స్త్రీ దగ్గరికి వచ్చి ప్రేమ ప్రకటించడాన్ని మన వీధిలో ఎవరైనా చేస్తే ఏమంటాం? పుస్తకంలో చేస్తే మాత్రం శాశ్వత ప్రేమ అంటున్నాం.

తిరస్కారాన్ని తిరస్కారంగా ఒప్పుకోని మగవాడు మనకి కొత్త కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి ప్రాణం పోయింది. ఆ ఘటనకీ ఈ నవలకీ సంబంధం అంటగట్టేంత తెలివితక్కువదాన్ని కాను. అరీసా యాసిడ్ పోయడు, ఉత్తరాలు రాస్తాడు. ఆ తేడా చాలా పెద్దది. అయినా రెండు చోట్లా ఒక భావన ఉమ్మడిగా ఉంది. ఆమె కాదన్న తర్వాత కూడా ఆమె మీద తనకి ఏదో హక్కు మిగిలే ఉందనే భావన. ఆ భావనని ఒక చోట నేరమనీ, ఇంకో చోట మహాప్రేమ అనీ పిలిచే ముందు ఒకసారి ఆగి ఆలోచించమనే నేను అడుగుతున్నాను. పట్టుదల ప్రేమకి కొలత అని పిల్లలకి నేర్పేవి సినిమాలు మాత్రమే కావు, ఉత్తమ సాహిత్యం కూడా ఆ పని చేస్తోంది.

ఇక ఆ ఎదురుచూపుల సంగతి. ఈ యాభై ఏళ్ళలో అరీసా ఏం చేశాడు? ఇరవై అయిదు నోటుపుస్తకాల్లో ఆరువందల ఇరవై రెండు మంది స్త్రీలతో సంబంధాల్ని నమోదు చేశాడు. ఇవి కొంతకాలం సాగినవి మాత్రమే, ఒకటి రెండు పూటలవి అతను రాసుకోలేదు. అతనికి శారీరక సంబంధాలు ఉండటం మీద నాకు అభ్యంతరం లేదు. బ్రహ్మచర్యాన్ని గొప్ప చేసే నీతి నాది కాదు. ఆ సంబంధాల్లో కొన్ని ఇష్టంతో, సమానంగా, హాయిగా సాగినవే. నా ప్రశ్న వేరు. ఆ స్త్రీలని నవల ఎలా లెక్కపెట్టింది?

ఒలింపియా సులేతాని చూడండి. పావురాల్ని పెంచే పెళ్ళయిన స్త్రీ. అరీసా సరదాకి ఆమె పొట్ట మీద రంగుతో తన హక్కు చాటుకునే మాటలు రాస్తాడు. ఆమె మర్చిపోయి ఆ రాత్రి భర్త ముందు బట్టలు మార్చుకుంటుంది. భర్త ఆమె గొంతు కోస్తాడు. ఒక స్త్రీ ప్రాణం పోయింది. అరీసా భయం దేని గురించి? ఆ కత్తి తన దాకా వస్తుందనీ, అల్లరవుతుందనీ భయపడతాడు, కానీ వాటన్నిటికంటే పెద్ద భయం ఈ సంగతి ఫెర్మీనాకి తెలుస్తుందేమోనని! ఒలింపియా ఆ తర్వాత కథకి అడ్డురాదు.

లియోనా కస్సియాని ఇంకో ఉదాహరణ. నల్లజాతి స్త్రీ. నవల మొత్తంలో తెలివితేటల్లో ఆమెకి సాటి లేదు. నదీ రవాణా కంపెనీలో అరీసా పైకి రావడానికి అసలు కారణం ఆమే. ఆమె యవ్వనంలో ముఖం కూడా కనిపించని ఒక మగవాడు రేవు దగ్గర ఆమె మీద అత్యాచారం చేస్తాడు. ఆమె జీవితాంతం ఆ మనిషి కోసమే వెతుకుతుందని, అతన్నే ప్రేమించాలనుకుందని రాశాడు మార్క్వెజ్. చదివినప్పుడల్లా ఈ చోట నా చెయ్యి ఆగిపోతుంది. అత్యాచారాన్ని ప్రేమ జ్ఞాపకంగా మార్చే ఈ కల్పన ఏ స్త్రీ అనుభవంలోంచి వచ్చింది? ఏ స్త్రీ అనుభవంలోంచీ రాలేదు. మగవాళ్ళు తమకి తాము చెప్పుకునే పాత అబద్ధంలోంచి వచ్చింది. అందులోనూ ఆ అబద్ధాన్ని మోయడానికి నల్లజాతి స్త్రీ శరీరాన్నే ఎంచుకోవడం యాదృచ్ఛికం అనుకోలేను.

ఇప్పుడు అమెరికా వికూన్యా. సముద్రతీరంలో ఒక చేపలు పట్టే పల్లె నుంచి స్కాలర్‌షిప్ మీద చదువుకోవడానికి వచ్చిన పిల్ల. అరీసాకి దూరపు బంధువు. తల్లిదండ్రులు నమ్మకంతో అతన్ని సంరక్షకుడిగా పెట్టి పంపారు. పళ్ళకి క్లిప్పులు, మోకాళ్ళ మీద బడిపిల్లల గీరుకుపోయిన మచ్చలు. అతను డెబ్భై దాటినవాడు. సెలవురోజుల్లో ఐస్‌క్రీములు, షికార్లు, తాతగారి ముద్దుమాటలు... అలా మెల్లగా ఆ పిల్లని లొంగదీసుకున్నాడు. ఇక్కడ కథకుడు తానే కసాయికొట్టు పోలిక వాడతాడు. అంటే జరుగుతున్నదేమిటో నవలకి తెలుసు. తెలిసి కూడా ఆ దృశ్యాల్ని ముచ్చటగా, ఆటలాగా రాస్తుంది. డాక్టరుగారి మరణవార్త తెలిపే చర్చి గంటలు మోగినప్పుడు అరీసా ఆ పిల్లతోనే ఉన్నాడు. అప్పుడామెకి పద్నాలుగేళ్ళు.

ఫెర్మీనా విధవరాలైంది కాబట్టి ఇక ఈ పిల్ల అక్కర్లేదు. తాను పెళ్ళి చేసుకోబోతున్నానని చెబుతాడు. ముసలివాళ్ళు పెళ్ళి చేసుకోవడమేమిటని ఆ పిల్ల నమ్మదు. క్లాసులో మొదటి స్థానంలో ఉండేది, అడుగుకి జారిపోతుంది. అతని గదిలో ఉత్తరాలు కనబడతాయి, సంగతి అర్థమవుతుంది. అతను ఫెర్మీనాతో స్టీమరు మీద ఉండగా, స్కూలు వైద్యశాల నుంచి దొంగిలించిన నల్లమందు ద్రావకం తాగి చనిపోతుంది. ఉత్తరం ఏదీ రాసి పెట్టలేదు.

ఈ వార్త అరీసాకి టెలిగ్రాంగా అందుతుంది. పంపింది లియోనా కస్సియాని. వివరాలు తెలుసుకోవడానికి అతను ఎన్నో ఏళ్ళ తర్వాత స్వయంగా టెలిగ్రాఫ్ మీట మీద చెయ్యి పెడతాడు. గుర్తు తెచ్చుకోండి, ఇతని ప్రేమ మొదలైంది ఒక టెలిగ్రాంతో. ఊళ్ళు దాటి ప్రేమ సందేశాలు పంపింది ఆ తీగల మీదే. అదే చేత్తో, అదే మీట మీద, ఇప్పుడు ఒక పిల్ల చావు వివరాలు. ఇంత భయంకరమైన సమాంతరాన్ని కట్టగలిగిన రచయిత దాన్ని ఏం చేశాడు? ఏమీ చెయ్యలేదు. బతకాలంటే ఆ జ్ఞాపకాన్ని దగ్గరికి రానివ్వకూడదని అరీసా నిర్ణయించుకుంటాడు. తుడిచేస్తాడు. అప్పుడప్పుడూ పాత గాయంలా సలుపుతుందట. నవల వెంటనే ప్రేమికుల క్యాబిన్‌లోకి వెళ్ళిపోతుంది. ఆ నౌక పేరు 'నువేవా ఫిదెలిదాద్', అంటే 'కొత్త ఏకనిష్ఠ'. ఒక చిన్నపిల్ల శవాన్ని ఒడ్డున వదిలేసి ఏకనిష్ఠ నదిలో సాగిపోతుంది.

ఈ మాటలు అన్నప్పుడల్లా నాకు మూడు సమాధానాలు ఎదురవుతుంటాయి.

మొదటిది, ఆ కాలం వేరు, ఇవాళ్టి కొలతలతో కొలవకూడదని. కథాకాలం ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాలే కావచ్చు, నవల రాసింది మాత్రం 1985లో. పైగా ఆ తల్లిదండ్రులు పిల్లని పంపింది చదువుకోవడానికి. అరీసా ఈ సంబంధాన్ని దాచిపెట్టాడు. తప్పు కాదనుకున్న కాలంలో దాచడం దేనికి? మన దేశంలో 2012 నాటి పోక్సో చట్టం, నమ్మి అప్పగించిన పెద్దవాడే ఈ పని చేస్తే దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. చట్టం రాకముందు కూడా ఇది ద్రోహమేనని తెలియని తల్లి ఏ దేశంలోనైనా ఉంటుందా?

రెండోది, ఇదంతా వ్యంగ్యమని. అరీసాని రచయిత సమర్థించడం లేదు, ప్రేమ కూడా కలరాలాంటి రోగమేనని చెబుతున్నాడు, అమాయకంగా చదివేవాళ్ళే మోసపోతారు అంటారు. సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని, కథకుడు వేరు, రచయిత వేరు అన్న పాఠం నాకు కొత్త కాదు. వ్యంగ్యం ఉంది, ఒప్పుకుంటాను. కసాయికొట్టు పోలిక అనుకోకుండా పడింది కాదు. కానీ వ్యంగ్యం పనిచేయాలంటే కథలో ఎక్కడో ఒకచోట దానికి మూల్యం కనబడాలి. స్టీమరు మీద అరీసా ఫెర్మీనాతో తాను ఆమె కోసం కన్యగా ఉండిపోయానంటాడు. ఆమె నమ్మదు, కానీ అతను అన్న తీరు ఆమెకి నచ్చుతుంది. పాఠకులకి ముచ్చటేస్తుంది. ఆరువందల ఇరవై రెండు మంది గురించి ఆమెకి తెలియదు. ఒలింపియా గొంతు గురించి తెలియదు. ఆ పిల్ల ప్రాణం తీసుకుందని, అది ఎందుకో తెలియదు. తెలిస్తే డెబ్భై రెండేళ్ళ ఆ ఆత్మాభిమానం గల స్త్రీ ఏం చేసేది? బజారులో చేసినట్టే చేత్తో సైగ చేసి ఉండేది కాదా? ఆ అవకాశం ఆమెకి రాకుండా చూసుకుంది నవల. నిజం తెలియకుండా ఇచ్చిన అంగీకారం మీద కట్టిన ముగింపు ఇది. నిజం ఎవరికి తెలుసు? మనకి. చదివేవాళ్ళకి. అంటే నవల మనల్ని సాక్షులుగా పిలిచి, అంతా చూపించి, ఆఖర్న 'మీరు ఫెర్మీనాకి చెప్పకండి, ఇంత అందమైన ప్రయాణం పాడవుతుంది' అని మన నోళ్ళు మూయిస్తుంది. ఇళ్ళల్లో పిల్లల మీద జరిగే అఘాయిత్యాలు ఎలా మరుగున పడతాయో తెలిసినవాళ్ళకి ఈ పద్ధతి బాగా పరిచయం. కుటుంబం పరువు స్థానంలో ఇక్కడ ప్రేమ పరువు ఉంది, అంతే తేడా.

మూడో సమాధానం, గొప్ప రచయితని ఇలా పోలీసు కేసులా చదవకూడదని. నేను మార్క్వెజ్ మీద కేసు పెట్టడం లేదు. పుస్తకాన్ని నిషేధించమనడం లేదు. చదవమంటున్నాను, మొత్తం చదవమంటున్నాను. గొప్ప రచయిత కాబట్టే అడుగుతున్నాను. ఈ నవలకి మూలం తన తల్లిదండ్రుల ప్రేమకథ అని ఆయనే చెప్పుకున్నాడు. తండ్రి అరకతాకాలో టెలిగ్రాఫ్ ఉద్యోగి, తల్లి లూయిసా సంతియాగా కర్నల్ కూతురు. ఆ కర్నల్ కూడా కూతుర్ని దూరప్రాంతాలకి పంపాడు, టెలిగ్రాములు ఆమెని అనుసరించాయి. కానీ లూయిసా కోరుకున్నవాణ్ణే 1926లో పెళ్ళి చేసుకుంది. నిజజీవితంలో ప్రేమ గెలిచింది ఒక స్త్రీ మొండితనం వల్ల. నవలలో ఆ మొండితనం మగవాడికి బదిలీ అయింది. ఇది ఆలోచించాల్సిన మార్పు కాదా?

ఆ పిల్ల మార్క్వెజ్‌ని కూడా పూర్తిగా వదిలిపెట్టలేదేమో అనిపిస్తుంది. 2004లో వచ్చిన ఆయన చివరి కాల్పనిక రచనల్లో ఒకటైన 'మెమరీస్ ఆఫ్ మై మెలంకలీ హోర్స్'లో తొంభై ఏళ్ళ ముసలివాడు, పద్నాలుగేళ్ళ పేద పిల్ల. ఆ పుస్తకం మీద జె.ఎం. కొయిట్జీ 2006లో రాసిన వ్యాసం అరీసా, అమెరికా వికూన్యాలతోనే మొదలవుతుంది. ఈ రెండు పుస్తకాలకీ ఉన్న చుట్టరికాన్ని ఆయన గుర్తించాడు. అయితే ఆ రెండో పుస్తకంలో పిల్ల చాలావరకు నిద్రపోతూనే ఉంటుంది. మొదటి పుస్తకంలో చనిపోయిన పిల్లకి రెండో పుస్తకంలోనూ మాట రాలేదు.

మనకైతే ఈ విషయంలో అసలు సాకు లేదు. మన ఆధునిక సాహిత్యానికి పునాదిరాయి ఏది? 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన గురజాడ 'కన్యాశుల్కం'. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మజూడటం మీద ఆ నాటకం మొత్తం నడుస్తుంది. ఆ పెళ్ళిని తప్పించడానికి ఊరంతా పన్నాగాలు పన్నుతుంది. ఆ నాటకాన్ని కంఠతా పట్టినవాళ్ళు, లుబ్ధావధాన్లుని చూసి పగలబడి నవ్వినవాళ్ళు, అదే ముసలివాడు స్పానిష్ పేరుతో, కవిత్వం రాస్తూ, చేతిలో గొడుగు, ఒంటి మీద నల్లకోటుతో వస్తే మాత్రం కళ్ళు తుడుచుకుంటున్నారు. లుబ్ధావధాన్లు కనీసం పెళ్ళి చేసుకుంటానన్నాడు! అతనిలో లేనిదీ, అరీసాలో ఉన్నదీ ఏమిటి? భాష. మంచి వచనం ముందు మన వివేకం ఎందుకు చేతులెత్తేస్తుంది? మన దగ్గర స్త్రీవాద విమర్శ ఇన్నేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న ఇదే. అందం పేరుతో దాటవేసినవాళ్ళు ఎవరు అని.

మళ్ళీ కలిసిన ప్రేమ గురించి రాస్తే ఇలాగే రాయాలా? లేదు. జేన్ ఆస్టెన్ 'పర్స్యుయేషన్' ఆమె చనిపోయిన కొన్ని నెలలకి, 1817 డిసెంబరులో, అచ్చయింది. ఇరవై ఏడేళ్ళ ఆన్ ఇలియట్, కెప్టెన్ వెంట్‌వర్త్ ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ ఎదురుపడతారు. పెద్దల మాట విని అప్పుడు అతన్ని కాదన్నది ఆమే. ఇక్కడ ఎదురుచూపులకి గడియారం లేదు, ప్రకటనలు లేవు. ఆమె ఆ ఎనిమిదేళ్ళూ తన జీవితాన్ని గమనిస్తూ, ఇంట్లోవాళ్ళకి చాకిరీ చేస్తూ, ఆలోచిస్తూ గడిపింది. ఎవరి ప్రేమ ఎక్కువ కాలం నిలుస్తుందన్న చర్చ వస్తే, పుస్తకాల్లోంచి సాక్ష్యాలు తేవద్దంటుంది, కలం ఇన్నాళ్ళూ మగవాళ్ళ చేతుల్లోనే ఉంది కదా అని. ఇంకా ముఖ్యమైనది ఇంకొకటి. వెంట్‌వర్త్ కోపంలో లూయిజా అనే అమ్మాయితో చనువుగా తిరుగుతాడు. అంతకంటే ఏమీ జరగదు. కానీ అందరూ తమ మధ్య పెళ్ళి ఖాయమనుకుంటున్నారని తెలిసినప్పుడు, తన ప్రవర్తనకి తాను బాధ్యుడినని, ఆమె కోరుకుంటే తప్పించుకునే హక్కు తనకి లేదని అనుకుంటాడు. ఆన్‌ని ప్రేమిస్తూ కూడా! అంటే ఆస్టెన్ లోకంలో ఒక స్త్రీ కోసం ఎదురుచూడటం ఇంకో స్త్రీని వాడుకోవడానికి లైసెన్సు కాదు. ఇద్దరు ప్రేమికులూ కలవక ముందు లూయిజా లెక్క తేలాలి. పెళ్ళికాని ఒక స్త్రీ, ఇంగ్లాండులో, రెండువందల ఏళ్ళ క్రితం పాటించిన ఈ చిన్న న్యాయం నోబెల్ రచయితకి ఎందుకు అవసరం లేకపోయింది?

నేను ప్రేమకథల నుంచి కోరేది నీతిబోధ కాదు. లెక్క. యాభై ఒక్క ఏళ్ళని రోజులతో సహా లెక్కపెట్టగలిగిన నవల, ఆ రోజుల ఖర్చు ఎవరు భరించారో కూడా లెక్కపెట్టాలి. పోగొట్టుకున్న ప్రేమ తిరిగి దొరికే ప్రతి కథలోనూ మధ్యలో కొందరుంటారు. భార్యలు, ప్రియురాళ్ళు, పనివాళ్ళు, పిల్లలు. 'అసలు ప్రేమ' అనే మాట పుట్టగానే వాళ్ళంతా నకిలీలైపోతారు, వాళ్ళ జీవితాలు విరామ సమయాలైపోతాయి. ఈ తరహా ప్రేమకథలో ఉన్న అసలు హింస అదే. కత్తితోనూ యాసిడ్‌తోనూ పని లేకుండా మనుషుల్ని మాయం చేయగలిగే హింస.

నవల పేరులో ఉన్న 'కోలెరా' అనే మాటకి స్పానిష్‌లో కలరా అనే కాక కోపం అనే అర్థం కూడా ఉంది. ఈ పుస్తకంలో ప్రేమ దొరకని పాఠకురాలికి ఆ రెండో అర్థం మిగిలే ఉంది. దాన్ని దాచుకోనక్కర్లేదు. ఈసారి ఎవరైనా సభలో ఆ యాభై ఒక్క సంవత్సరాల తొమ్మిది నెలల నాలుగు రోజుల మంత్రం చదివితే, లేచి నిలబడి అమెరికా వికూన్యా వయసెంతో అడగండి.